కూర్మారావు చేర్చుకున్న మేనమామలు

కూర్మారావుకి ఉన్న జబ్బు ఒక్కటే. కనిపించిన మనిషిని చుట్టరికంలో చేర్చుకోకుండా వదలలేడు.

బరంపురం పెద్ద బజారులో అతనికి సైకిలు షాపు ఉండేది. పంక్చరు వేయించుకుందామని ఎవరైనా వస్తే ముందు చక్రం ఊడదీసేవాడు. ఇక మనిషి పారిపోలేడని నిర్ధారణ అయ్యాక మొదలెట్టేవాడు.

“మీదే ఊరు?”

“ఛత్రపురం.”

“మీ అమ్మది?”

“సోంపేట.”

“అలాగైతే నువ్వు నాకు బావమరిదివి.”

“ఎలాగ?”

“మా మేనత్తని సోంపేట ఇద్దావనుకున్నారు.”

“ఇచ్చారా?”

“నేదు. ఇచ్చుంటే?”

ఈ ప్రశ్నకి బరంపురంలో ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. వరస తేలేదాకా చక్రం బిగించేవాడు కాడు. వరస తేలాక, “బావమరిది కాడ డబ్బులేటి” అని పుచ్చుకునేవాడు కాడు. అందుకని షాపు ఎప్పుడూ కిటకిటలాడేది, కూర్మారావు చొక్కాకి ఎప్పుడూ రెండే బొత్తాలుండేవి.

షాపు ముందు పడుకునే ఆంబోతుని కూడా పెద్దల్లుడి కింద చేర్చుకున్నాడు. అల్లుడు తినకుండా తను తినడం మర్యాద కాదని, మధ్యాహ్నం ముందు దానికి పెట్టేవాడు. ఓసారి అది కొత్త టైరు సగం నమిలేస్తే, “అల్లుళ్ళన్నాక అలకలుంటాయి” అని మిగతా సగం దాచిపెట్టాడు.

ఇవన్నీ ఎదురింటి అరుగు మీంచి అమ్మడు చూస్తూ ఉండేది. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే నాయనమ్మ దేముడమ్మ పెంచింది. ఏడో తరగతితో బడి మాన్పించి అప్పడాల పీట ముందు కూర్చోబెట్టింది. అమ్మడికి నలుగురిలో నోరు పెగలదు. కళ్ళు మాత్రం అప్పడాల కర్ర కంటే చురుగ్గా తిరిగేవి. కూర్మారావు వాళ్ళ ఎదురుగా షాపు పెట్టిన రోజునే తనని తాను ఆ పిల్లకి బాబాయిగా ప్రకటించుకున్నాడు. ఎవరూ అడగలేదు.

అమ్మడికి పాత్రపూర్ సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి దుర్గాంబ వచ్చి, పిల్లని చూసి, అప్పడం రుచి చూసి, రెండూ బాగున్నాయంది. తర్వాత అడిగింది.

“గంప ఎవులెత్తుతారు?”

పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి. అమ్మడి తల్లికి అన్నదమ్ములు లేరు. “ఎవులూ నేరమ్మా” అంది దేముడమ్మ.

“అలాగంటే కుదరదమ్మా. రేపు మాటా మాటా వొస్తే అడగడానికి అటేపు ఒక మనిషుండాల. నేకపోతే పిల్ల లోకువైపోద్ది. మా ఇంటికి లోకువ పిల్లని తెచ్చుకోను.”

లోపల గుమ్మం వెనక నిలబడి అమ్మడు అంతా వింది. దుర్గాంబ కటువుగా అన్నా నిజమే అంది. మాట పడితే తిరిగి అనే నోరు తనకి లేదు, అనేవాళ్ళూ లేరు.

రోడ్డు అవతల్నించి కూర్మారావు కేక వేశాడు. “ఎందుకు లేడు? ఉన్నాడు మేనమామ. ముహూర్తం ఎట్టుకోండి.”

దుర్గాంబ వెళ్ళాక దేముడమ్మ బతిమాలింది. “నాయనా, నువ్వే ఎత్తీరాదా?”

“నాను బాబాయిని పిన్నీ, తండ్రి పక్కోణ్ణి. ఇట్టప్పుడు వరస మార్చీస్తే రేపు పెద్దల్లుడికి ఏటి సమాధానం సెప్తాను?”

ఆ మర్నాటి నుంచి షాపులో చక్రాలు మరీ ఆలస్యంగా బిగుసుకోసాగాయి.

పెళ్ళినాడు వీధిలో పందిరి వేశారు. పసుపు చీరలో, చేతిలో కొబ్బరిబొండంతో అమ్మడు గంపలో కూర్చుంది. మార్కండి నించి ఎండుచేపలమ్మే సూరన్న వచ్చి గంప పట్టుకున్నాడు. “నానే మేనమామని.” అమ్మడికి ప్రాణం కుదుటపడింది.

అంతలో హైస్కూలు డ్రిల్లు మేష్టారు లక్ష్మణరావు వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. “ఏమయ్యా, మేనమామని నేను. ఎవరికీ చెప్పొద్దని కూర్మారావు నాకొక్కడికే చెప్పాడు.”

“నాకూ అలాగే సెప్పాడు” అంది మూడో గొంతు. అది హుమ్మ నించి ఉప్పు తెచ్చే బండివాడిది.

ఆఖర్న యూనిఫారంలో ఒడియా కానిస్టేబులు పాత్రో వచ్చాడు. “మామూ” అని తన గుండె మీద లాఠీతో కొట్టుకుని చూపించాడు.

దుర్గాంబ కళ్ళు చిట్లించింది. “మీలో సొంత మేనమామ ఎవులు?”

నలుగురూ గంప వదల్లేదు. మేష్టారు డ్రిల్లు పద్ధతిలో “వన్, టూ” అని లెక్కపెట్టబోయాడు. సూరన్న “హైలెస్సా” అని తెప్పని ఎత్తినట్టు ఎత్తేశాడు. గంప ఒక పక్కే లేచి రెండో పక్కకి ఒరిగిపోయింది, లోపల అమ్మడు కనపడలేదు. ఉప్పు బండివాడికి ముందుకు లాగడమే అలవాటు గనక లాగాడు. గంప మండపం దాటి, సన్నాయి వాళ్ళని దాటి, బజారులోకి వెళ్ళిపోయింది. పెద్దల్లుడు రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉండబట్టి ఆగింది గానీ, లేకపోతే సముద్రం దాకా వెళ్ళేదే. వెనక్కి తిప్పి, పాత్రో విజిలేసి జనాన్ని తప్పిస్తే, ముహూర్తం దాటకుండా దింపారు.

“ఇంతమందెందుకు రా?” అంది దేముడమ్మ.

“ఒకడికి జొరమొస్తే? ఒకడికి డ్యూటీ పడితే?” అన్నాడు కూర్మారావు. “పిల్ల గంపలో కూకుండిపోదా?”

అక్కడితో అయిపోయిందనుకున్నారంతా.

అమ్మడు పాత్రపూర్ కాపురానికొచ్చిన కొత్తలో ఓ పొద్దున్న సూరన్న ఎండుచేపలతో దిగాడు. అరుగు మీద కాసేపు కూర్చుని, “బాగున్నావామ్మా” అని, టీ తాగి పోయాడు. తర్వాత మేష్టారు వచ్చి ఎనిమిదో తరగతి పుస్తకాలిచ్చి, అమ్మడి మొగుణ్ణి నిటారుగా నిలబడమని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత పాత్రో లాఠీతో సహా వస్తే, దుర్గాంబ ఎవర్ని పట్టుకుపోతాడోనని పెరట్లోకి పరిగెత్తింది. ఆ వేళ నించి కోడల్ని “అమ్మా” అనడం మొదలెట్టింది.

ఆ రోజే పాత్రో టీ ఊదుకుంటూ తన ఒడియా తెలుగులో అమ్మడికి చెప్పాడు. “కూర్మారావు భాయి ముందే అన్నాడు. గంప ఎత్తడానికి ఎవుడైనా వొస్తాడు. దించిన తరవాత వొచ్చేవోడే మామూ. మీరు ఒకరెనకాల ఒకరు ఎల్లండి, ఊరికే కూకుని రండి అన్నాడు.”

అమ్మడు లోపలికి వెళ్ళి, కాసేపు పొయ్యి ఊదింది. పొయ్యి బాగానే మండుతోంది.

పనసపళ్ళ రోజుల్లో ఎవరో కొత్తాయన భుజాన పనసకాయతో గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మడంటే నువ్వేనామ్మా? నాను నీకు మేనమామని. మొన్ననే టైరు మార్పించుకున్నాను.”

దుర్గాంబ బిత్తరపోయింది. “ఇతగాడు గంప కాడ లేడు గదే.”

“బాబాయి కొత్తగా సేర్సుకున్నాడత్తా” అంది అమ్మడు, వీధి అవతలికి వినపడేటంత గొంతుతో. “మావ ఎండన పడొచ్చాడు. మీరు టీ ఎట్టండి, నాను పీటేస్తాను.”

దుర్గాంబ గిన్నె కోసం లేచింది.