డాక్టరమ్మ కారుకు తలంటు

బాలమల్లు చెయ్యి వేస్తే చచ్చిన బ్యాటరీ లేచి కూర్చుంటుందని నాంపల్లిలో చెప్పుకునేవారు. అలా చెప్పుకునేవారిలో మొదటివాడు బాలమల్లే. బ్యాటరీలోని ద్రావకం చిక్కదనం కొలిచే గాజుగొట్టాన్ని ఒకసారి ఇరానీ హోటలు చాయ్‌లో ముంచి, పాలిచ్చిన బర్రె ఏ పేటదో, అది ఎన్నో ఈతదో కూడా చెప్పేశాడట. నాలుగో తరగతిలో తను బడి మానలేదనీ, తన తెలివికి తట్టుకోలేక బడే తనను మానుకుందనీ అనేవాడు. స్టేషను ఎదుట రేకుల కొట్టు, ఆసిడ్ పడి జల్లెడైన చొక్కా ఆ మహానుభావుడి ఆస్తులు.

1938 ఎండాకాలంలో ఒక పొద్దున డాక్టర్ ప్రేమలీల గారి కారును ఇద్దరు హమాలీలు ఆ కొట్టు ముందుకు నెట్టుకొచ్చారు. లోపల డ్రైవరు అంజయ్య ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అబిడ్స్‌లో జట్కా తోలుకునే అంజయ్యకు కారు నేర్పించి, ఖాకీ కోటు తొడిగించింది డాక్టరమ్మే.

"బాలన్నా, మళ్ల చచ్చింది బ్యాటరీ. మొన్ననే గదనే నువ్వు చార్జి చేసిస్తివి!"

"నేను చార్జి చేస్తే ఢిల్లీ దాంక పోవచ్చు. నువ్వు కోఠి గూడ దాటకపోతివి. ఎవరి తప్పే?"

"మజాక్ చెయ్యకు. పొద్దుగూకే లోపల బాగు కాకుంటే గాడి అమ్మేస్తనన్నది డాక్టరమ్మ. గాడి పోతే నా నౌకరి పోయినట్టే. గుర్రాన్ని గూడ అమ్ముకుంటిని."

బాలమల్లు వేళాకోళం ఆపి గాజుగొట్టం తీశాడు. బ్యాటరీ మూడు గదుల్లోనూ ద్రావకం ఒకే తీరున పలచబడి ఉంది. ఒక్క గదే పడిపోతే బ్యాటరీకి రోగం. మూడూ సమానంగా పడిపోతే రోగం కాదు, ఆకలి. దానికి తిండి పెట్టవలసింది డైనమో. బ్యాటరీని చార్జింగుకు పెట్టి, కొట్టులోని మరో బ్యాటరీ కారుకు తగిలించి ఇంజను లేపాడు. ఎంత రేసు చేసినా చార్జి చూపే ముల్లు చార్జి వైపు రాలేదు. డైనమోలో కరెంటు అందుకునే బ్రష్షులు చూశాడు, తీగలు చూశాడు. అన్నీ బాగున్నాయి. మధ్యాహ్నమైంది.

ఇంజను ఆపి, డైనమో చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఇంజనుకూ దానికీ కలిపి వేసిన బెల్టు కదలలేదు, చక్రం మాత్రం జారి గిర్రున తిరిగింది. వేలికంటిన జిడ్డును వాసన చూశాడు.

"ఏంది అంజన్నా గిది? ఆముదమా?"

"ఔ! బెల్టు కీచుకీచుమంటుంటే దినాం పట్టిస్తున్న. జట్కా ఇరుసుకు పట్టియ్యమా? సప్పుడు మొత్తం బంద్!" అన్నాడు అంజయ్య గర్వంగా.

"దాంతోని చార్జి గూడ బంద్ చేస్తివి గదనే! ఇరుసు జారాలె, బెల్టు పట్టాలె. కీచుమంటే బిగియ్యమని మొత్తుకున్నట్టు."

అంజయ్య అటూ ఇటూ చూశాడు. "డాక్టరమ్మకు చెప్తవా?"

"చెప్ప. ఒట్టు."

అంజయ్యకు నమ్మకం కుదరలేదు. బాలమల్లు కడుపులో ఏ కథా పొద్దుగూకే దాకా నిలిచింది లేదు మరి.

బాలమల్లు బెల్టు ఊడదీసి, కుంకుడు రసం తెమ్మని కొట్టు వెనకున్న ఇంట్లోకి కేకేశాడు.

"ఎవలికి తలంటు?" అంది అతని భార్య పోశవ్వ గిన్నె తెస్తూ.

"డాక్టరమ్మ కారుకు!"

జిడ్డు పోయేలా రుద్ది, ఎండలో ఆరబెట్టి, బెల్టు బిగించాడు. ఇంజను లేవగానే ముల్లు చార్జి వైపు గెంతింది. ముల్లు కంటే ఎత్తు గెంతాడు అంజయ్య.

సాయంత్రం చార్జి నిండిన పాత బ్యాటరీనే బిగించుకుని, ఇద్దరూ కారును అబిడ్స్‌లోని దవాఖానకు తెచ్చారు.

"ఏమైందట?" అంది డాక్టరమ్మ మెట్లు దిగుతూ.

"డైనమోల ఉడుత జొచ్చింది డాక్టరమ్మా," అన్నాడు బాలమల్లు. "గింత ఉడుత గాదు, మేకపిల్లంత..."

డాక్టరమ్మ బానెట్టు దగ్గర ముక్కు ఎగబీల్చింది. "ఆ ఉడుత తలంటు పోసుకుందా? కుంకుడుకాయ వాసన వస్తుంది."

బాలమల్లు జన్మలో మొదటిసారి మాట తడుముకున్నాడు. అంజయ్యే చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఉడుత లేదమ్మా. నేనే బెల్టుకు ఆముదం పట్టించిన."

"ఎక్కడిదయ్యా ఆముదం?"

"మన దవాఖానదే..."

డాక్టరమ్మ నవ్వుకు స్టెతస్కోపు మెడలోంచి జారింది. "సీస ఎందుకు తగ్గుతుందని నర్సు డోరాను దినాం కోప్పడుతున్న గదయ్యా! రేపు పోయి ఆమెను మాఫీ అడుగు."

"గాడి అమ్ముతరా అమ్మా?"

"బాగైన గాడి ఎందుకమ్ముత? పద, గన్‌ఫౌండ్రీల కాన్పు ఉంది."

అంజయ్య స్టార్టరు నొక్కగానే ఇంజను అందుకుంది. చార్జి వైపు నిలిచిన ముల్లును కళ్లార్పకుండా చూస్తూ అతను గేటు దాటుతుంటే, వెనక సీటులోంచి డాక్టరమ్మ అరిచింది:

"ముల్లు ఎక్కడికి పోదు నాయనా, జర ముందు బాట చూడు!"