సోమవారం వెలిగే లైటు

2021 నాటి మాట. తణుకు బైపాస్ పక్కన రేకుల షెడ్డులో కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాణ్ణి. ఈ పనిలోకి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. కొత్తగా స్కానర్ కొన్నాను. కారుకు తగిలిస్తే లోపం ఏ భాగంలో ఉందో ఒక కోడ్ చూపిస్తుంది. అది చేతికొచ్చాక మనుషులు చెప్పేది వినడం తగ్గించాను.

సుబ్బారావు గారనే వరి రైతు కారును డ్రైవర్ సత్తిబాబు తెచ్చాడు. మీటర్ల మధ్య ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపు లైటు, చెక్ ఇంజిన్ లైటు, వెలుగుతోంది. ఆక్సిజన్ సెన్సార్ సర్క్యూట్ అని కోడ్ వచ్చింది. పెట్రోలు సరిగా మండుతోందో లేదో పొగగొట్టంలో ఉండి కనిపెట్టేది ఆ సెన్సార్. సర్క్యూట్ అన్నప్పుడు దాని తీగలన్నీ వెతకాలి. నేను కోడ్ చెరిపేసి పంపించాను.

వారానికి మళ్లీ వచ్చాడు.

“ఇది సోమవారం సోమవారం వెలుగుతుందండి.”

“ఉపవాసం ఉంటుందేమోనయ్యా,” అని నవ్వి, మళ్లీ చెరిపేశాను.

మూడోసారి సుబ్బారావు గారే వచ్చారు. “ఏంటండీ ఇది? తెలీకపోతే తెలీదని చెప్పండి,” అన్నారు. షెడ్డులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు. తెలీదనడానికి నాకు నోరు రాలేదు.

“పెట్రోల్లో కల్తీ అండి. ఎవరు, ఎక్కడ కొట్టిస్తున్నారో చూసుకోండి,” అనేశాను.

నాలుగు రోజులకు సత్తిబాబు నడిచి వచ్చాడు. తాళాలు తీసేసుకున్నారట.

“పెట్రోలు లాగేసి కిరసనాయిలు పోస్తున్నానంటున్నారండి. పన్నెండేళ్ల నుంచి ఆయన దగ్గరే చేస్తున్నాను. మీరే చెప్పారంట కదా,” అన్నాడు. గొంతు పెంచలేదు.

కూర్చోమని, లైటు వెలిగే ముందు బండి ఎవరు తీస్తారు, ఎక్కడికెళ్తుంది అని, మొదటిరోజే అడగాల్సింది అప్పుడు అడిగాను. ఆదివారం అతనికి సెలవు.

“బండి ఆయనే తీస్తారండి. నరసాపురంలో బావమరిదిగారింటికెళ్లి, ఐసు డబ్బాలో సముద్రపు చేపలు ఎడమ సీటు దగ్గర పెట్టుకుని తెస్తారు. సోమవారం ఆ నీచు కడుక్కునేది నేనే కదండీ. తాళం తిప్పేసరికి లైటు ఉంటుంది.”

అతన్ని వెంటబెట్టుకుని సుబ్బారావు గారింటికి వెళ్లాను. ఆయన చూస్తుండగానే ఎడమ సీటు కింద కార్పెట్ లేపితే తడి తగిలింది. సెన్సార్ తీగలు కలిసే కనెక్టర్ అక్కడే ఉంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు దిగి, లోపలి పిన్నులు పచ్చగా చిలుమెక్కాయి.

“పెట్రోలు సంగతి నేను పరీక్షించలేదండి. నలుగురిలో తెలీదని ఒప్పుకోలేక అన్నాను. ఇతని తప్పేం లేదు,” అన్నాను.

ఆయన కనెక్టర్ చేతిలోకి తీసుకుని చూశారు. “చేపలు తెచ్చింది నేను కదయ్యా,” అంటూ తాళాలు చాపారు. సత్తిబాబు అందుకోలేదు.

“ముందు అమ్మగారితో చెప్పండి, నేను దొంగని కాదని.”

సుబ్బారావు గారు భార్యను వరండాలోకి పిలిచి, మా ఎదురుగానే చెప్పారు. నేనూ ఆవిడతో నా తప్పు చెప్పి, నన్ను క్షమించమని సత్తిబాబుని అడిగాను. “సర్లెండి, ముందు లైటు సంగతి చూడండి,” అన్నాడతను, తాళాలు అందుకుంటూ.

కనెక్టర్ మార్చడానికి గంట కూడా పట్టలేదు. ఆ కారు ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది, సత్తిబాబే తెస్తాడు. ఇప్పుడు స్కానర్ తీసే ముందు బండి నడిపేవాళ్లను కూర్చోబెట్టి వింటాను. కారణం దొరక్కపోతే, “నాకింకా తెలీలేదండి, వెతకాలి,” అంటాను. ఆ మాట విని ఇంతవరకూ ఒక్కరు కూడా లేచి వెళ్లిపోలేదు.