పీట మీద గుండ్రటి నల్లమచ్చ

మాదాపూర్‌లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో కాస్త గట్టిగా తొక్కితే నా పాత డీజిల్ కారు ఈల వేస్తుంది. పెద్దగా కాదు, ఎవరో ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు సన్నగా. అది టర్బో చప్పుడు. ఆ ఎత్తు మీదే వెనక డిక్కీలో ఒక చెక్క పీట జరిగి టక్కుమంటుంది. నిన్న ఉదయం ఆ దారినే, ఆఫీసులో నలుగురి ముందు చెప్పాల్సిన మాట ఒకటి మనసులో తిప్పుకుంటూ వెళ్తున్నాను. కిటికీ దించి ఉంది. ముందు పోతున్న ట్రాలీ ఆటో నుంచి కాలిన ఇంజన్ ఆయిల్ వాసన గుప్పున లోపలికొచ్చింది. ఆ ఈల, ఆ టక్కు, ఆ వాసన మూడూ కలిసేసరికి నేను ఫ్లైఓవర్ మీద లేను. నల్లగండ్లలో ఒక ఇంటి పోర్టికోలో, తెల్లటి పొగ మధ్య, భారతి గారి ఎదురుగా నిలబడి ఉన్నాను.

భారతి గారు నా పాత ఆఫీసులో నాకు మేనేజరు. కాకినాడ మనిషి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌కు వచ్చినవాళ్లు మా అంతస్తులో సగం మంది ఉండేవాళ్లు కానీ, ఇంట్లో పానాల పెట్టె ఉన్నది ఆవిడకొక్కరికే. ఎవరినైనా ‘అండి’ అనకుండా పిలవడం ఆవిడకు రాదు. కాగితం మింగేసిన ప్రింటరును కూడా “ఏమైందండి మీకు?” అని అడగడం నేను విన్నాను. నేను జీడిమెట్లలో పుట్టి పెరిగినవాణ్ణి. చురుకైనవాణ్ణని పేరు తెచ్చుకున్నాను, ఆ పేరును నాకంటే ఎక్కువగా ఎవరూ నమ్మలేదు. పని తొందరగా చేసేవాణ్ణి. చేసింది చెడితే ఆ సంగతి ఇంకొకరు కనిపెట్టేదాకా నోరు విప్పేవాణ్ణి కాదు. ఇది ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు నాకు ఇదొక లోపమని కూడా తెలియదు, తెలివి అనుకునేవాణ్ణి.

ఒకసారి ప్రోగ్రాములో నేను చేసిన మార్పులన్నీ కలిపి ఒకేసారి పంపించాను. మర్నాడు మొత్తం సిస్టమ్ పడిపోయింది. అంతస్తంతా మధ్యాహ్నం దాకా తిండి మానేసి వెతికింది. సాయంత్రం భారతి గారు నన్ను తన గదిలోకి పిలిచారు.

“ఎన్ని మార్చారండి?”

“ఐదారు ఉంటయి మేడమ్. అన్నీ చిన్నవే.”

“ఏది పడగొట్టిందో తెలుసా?”

“ఇంకా తెల్వలే. చూస్తున్న.”

“అన్నీ ఒకేసారి మార్చాక ఎలా తెలుస్తుందిలెండి,” అని, “ఆదివారం ఖాళీయేనా? మా ఇంటికి రండి. పాత బట్టలు వేసుకోండి,” అన్నారు.

తిట్టడానికి ఆదివారం దాకా ఆగేవాళ్లుంటారా అనుకుంటూ వెళ్లాను. ఇల్లు నల్లగండ్లలో, అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన పాత సొంతిల్లు. పోర్టికోలో ఒక పాత టర్బో డీజిల్ కారు చక్రాలు లేకుండా స్టాండ్ల మీద ఉంది. దాని పక్కన పీట వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, భారతి గారు బ్రేకు విప్పుతున్నారు. ఆవిడ సొంత సంపాదనతో కొనుక్కున్న మొదటి కారట. ఏళ్ల తరబడి గుడ్డ కప్పుకుని పడుంది. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. ఫిట్‌నెస్ పరీక్ష పాసైతేనే మళ్లీ రోడ్డెక్కుతుంది, లేకపోతే తుక్కుకే. ఆవిడ భర్త రామం గారు తుక్కు వ్యాపారితో అప్పటికే మాట్లాడి ఉంచారు.

“పరీక్ష అయ్యేదాకా ఆగమన్నానండి ఈయన్ని,” అన్నారావిడ.

“నేను ఆగుతాను. తుప్పు ఆగాలిగా,” అన్నారు రామం గారు పేపరు దించకుండా.

ఆ పోర్టికోలో ఒకటే నియమం. ఆదివారానికి ఒక్క మార్పు. ఒకటి బాగుచేయాలి, స్టార్ట్ చేసి వినాలి, తర్వాతే రెండోది. చీలిన గాలి గొట్టం ఒక ఆదివారం. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఇంకో ఆదివారం. నాకు ప్రాణం పోయేది. ఇంజన్ వదిలే పొగ ఊపుతో చిన్న చక్రం ఒకటి తిరిగి, లోపలికి మరింత గాలిని నెడుతుంది. టర్బో అంటే అంతే. ఆ గాలి ఒత్తిడి కాస్త పెంచి, డీజిల్ కాస్త పెంచితే అదే బండి ఎగిరిపడుతుంది. దానికి పానా కూడా అక్కర్లేదు, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో కొత్త ఫైలు ఎక్కిస్తే చాలు. నాకు వచ్చిన పని అదే కదా.

“ఒక్క గంట పని మేడమ్. లాప్‌టాప్ పెడితే అయిపోతది,” అన్నాను.

“చేద్దామండి, నాకూ సరదానే. ముందు కంపెనీ వాడు ఎలా చేసిచ్చాడో అలా నడవనివ్వండి. బాగున్నప్పుడు దాని గొంతు ఎలా ఉంటుందో మీరు ఇంకా వినలేదు. చెడితే ఎలా కనిపెడతారు?”

ఇంకో అలవాటు కూడా నేర్పారు. బాగా తిప్పిన టర్బో బండిని వచ్చీరాగానే ఆపకూడదు. ఆ చిన్న చక్రం ఎర్రగా కాలి ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపే దానికి ఆయిల్ అందుతుంది. తటాలున ఆపితే ఉన్న ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. అందుకని ఇంటికొచ్చాక కాసేపు ఊరికే తిరగనిచ్చి అప్పుడు తాళం తిప్పాలి. ఆవిడ ఆ కాసేపూ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవారు. రామం గారు లోపల్నించి, “ఏవిటే, దిగవా? హారతివ్వాలా?” అనేవారు.

చక్రాలు ఎక్కి, బండి వీధి చివరిదాకా వెళ్లొచ్చే దశకు వచ్చింది. అప్పుడు భారతి గారు రామం గారితో కలిసి చెల్లెలి కూతురి పెళ్లికి కాకినాడ వెళ్తూ తాళం నా చేతికిచ్చారు. వారానికోసారి స్టార్ట్ చేసి ఉంచమన్నారు. నేను ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్లాను. ఫైలు ఎక్కించాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ బండి ఎలా పోయిందో చెప్పను. చెబితే ఇప్పటికీ నా గొంతులో గర్వం వినపడుతుందని భయం. వీడియో కోసం ఆగడం, తాళం తిప్పి దిగడం, మళ్లీ ఎక్కి పరుగెత్తించడం, మళ్లీ ఆపడం. వేడి చల్లారనివ్వాలన్నది గుర్తుంది. స్నేహితుడు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు, అంతే. తిరిగొచ్చాక పాత ఫైలు మళ్లీ ఎక్కించి, బండి కడిగి పెట్టేశాను. ఏమీ జరగనట్టే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం భారతి గారు తిరిగొచ్చారు. టర్బో చప్పుడు దగ్గర్నుంచి వినాలని ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి, నన్ను స్టార్ట్ చేయమన్నారు. చేశాను. కాస్త ఎక్సలేటర్ ఇమ్మన్నారు. ఇచ్చాను. కాలు తీశాను, ఇంజన్ తగ్గలేదు. దానంతట అది పెరగడం మొదలుపెట్టింది. తాళం తిప్పి ఆపేశాను, ఆగలేదు. తాళం బయటికి తీసి చేతిలో పట్టుకున్నాను, అయినా అరుస్తూనే ఉంది. వెనకనుంచి పొగ గోడలా లేచింది. నేను సీట్లో బిగుసుకుపోయాను. పొగలో భారతి గారు వంగడం, ఎప్పుడూ కూర్చునే పీటను రెండు చేతులతో ఎత్తడం, దాన్ని టర్బో గాలి పీల్చే నోటికి అడ్డంగా పెట్టి ఒళ్లంతా మోపి నొక్కడం మాత్రం కనిపించింది. ఇంజన్ పీల్చే గాలికి పీట గొట్టం మూతికి అతుక్కుపోయింది. కారు మొత్తం ఒకసారి వణికి, రెండోసారి వణికి, ఆగిపోయింది.

ఎదురింటి సత్తెమ్మ గారు కొంగు ముక్కుకు పెట్టుకుని గేటు దగ్గరికొచ్చారు. “ఏంది మేడమ్, దోమల మందు కొడుతున్నరా, ఇల్లు కాలవెడుతున్నరా?”

“ఆగిపోయిందండి. ఫర్వాలేదు.”

“ఆగింది సరే. పీట మీద గా మరకేంది? ఇగ దాని మీద పెద్దమనిషిని కూసోవెట్టకున్రి.”

పీట మధ్యలో, గొట్టం మూతి ఆనినచోట, అద్దకం వేసినట్టు ఆయిల్ గుండ్రంగా దిగిపోయి ఉంది. రామం గారు బయటికొచ్చి పొగ వంక, భార్య వంక చూశారు. “చాలు భారతీ. ఇచ్చేద్దాం ఇంక దీన్ని,” అన్నారు మెల్లగా. అప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు.

భారతి గారు నా వైపు తిరిగారు. “ఏం మార్చారండి?”

“ఏం మార్చలే మేడమ్.”

ఆవిడకు కోపం రాలేదు. కోపం వస్తే నాకు తేలికయ్యేది. పీట కింద వేసి, దాని మీద కూర్చుని, చెయ్యి తుడుచుకుంటూ అన్నారు: “చూడండి నరేందర్ గారూ. ఏం లేదు అన్నారనుకోండి, ఈ బండంతా విప్పి వెతకాలి. అంత టైము లేదు, ఈయన తుక్కుకి ఇచ్చేస్తారు, అది న్యాయమే. ఇదీ అని చెప్పారనుకోండి, వెతకాల్సింది అదొక్కటే. తప్పెవరిదని అడగట్లేదు నేను. ఎక్కడ చూడాలని అడుగుతున్నాను.”

నేను చెప్పాను. ఫైలు సంగతి, ఔటర్ సంగతి, వేడి మీద ఆపిన సంగతి. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చారు, “ఎన్నిసార్లు ఆపారు?” అని. లెక్క చూసుకోలేదన్నాను. తల ఊపి, “అయితే టర్బోలో ఆయిల్‌ను ఆపే సీలు మాడింది. ఆయిల్ గాలిలో కలిసి లోపలికి పోయింది. డీజిల్ ఆపేసినా అది ఆయిల్ తాగి తిరిగింది. ఇంజన్ బతికుండొచ్చండి,” అన్నారు. ఆవిడ ముఖంలో నిజంగానే ఊరట కనిపించింది. నా పరువు పోయిందని నేను కుంగిపోతుంటే, ఆవిడకు దారి దొరికింది.

టర్బోను విప్పి నేనే జీడిమెట్లలో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లి, సీళ్లు బేరింగులు కొత్తవి వేయించి తెచ్చాను. బిగించడం కూడా నా చేతే చేయించారు. అసలు పని గాలి గొట్టాలు కడగడం. వాటిలో ఆయిల్ మిగిలితే అది మళ్లీ ఇంజన్‌లోకి పోయి అదే కథ మొదలవుతుంది. రామం గారి పాత పంచె చింపి నాకిచ్చారు. కడిగి, ఆరబెట్టి, గుడ్డ లోపలికి తోసి తీయాలి. గుడ్డ తెల్లగా బయటికి రావాలి. ఇక చాలనుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒక గోధుమరంగు చార కనిపించేది. దాచేయడానికి అవకాశం ఉన్న పని అది. గుడ్డ మడత మారిస్తే చార కనపడదు. నేను మడత మార్చలేదు. నా జీవితంలో గర్వంగా చెప్పుకోగలిగినవాటిలో అదొకటి, నవ్వినా సరే.

మళ్లీ స్టార్ట్ చేసే రోజు భారతి గారు తాళం తీసుకుని తానే సీట్లో కూర్చున్నారు. పీట నా చేతికిచ్చారు. “ఈసారి అక్కడ మీరుండండి.”

“మేడమ్, నాకు భయమైతుంది.”

“అవ్వాలండి. పీట గట్టిగా పట్టుకోండి, వేళ్లు అంచుకు వెనక ఉంచండి.”

టర్బో నోటికి జానెడు దూరంలో పీట పట్టుకుని నిలబడ్డాను. ఇంజన్ అందుకుంది. ఎక్సలేటర్ ఇచ్చారు, పెరిగింది. కాలు తీశారు, దిగింది. మళ్లీ ఇచ్చి తీశారు, మళ్లీ దిగింది. బాగున్నప్పుడు దాని గొంతు ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. చాలాసేపటి తర్వాత రామం గారు గుమ్మంలోంచి, “ఒరేయ్ నరేందరూ, పీట దించు, చేతులు పడిపోతాయి,” అనేదాకా నేను దించలేదు.

ఫిట్‌నెస్ పాసైంది. తుక్కు వ్యాపారి ఫోను చేస్తే రామం గారే, “మా ఆవిడ కారండీ, అమ్మం,” అని పెట్టేశారు. ఆ మరుసటి ఆదివారం భారతి గారు నా లాప్‌టాప్ అడిగారు. నేను బిత్తరపోయాను. “మీ ఆలోచన తప్పు కాదండి, వరుస తప్పు,” అన్నారు. ముందు గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది వేశాం. కొన్ని వారాలు నడిపాం. బ్రేకులు మార్చాం, నడిపాం. అప్పుడు ఒత్తిడి కొంచెం పెంచాం. కొల్లూరు దాకా ఆవిడ తోలారు. పక్కన కూర్చున్న నేను చెయ్యి తలుపు హ్యాండిల్ మీదనుంచి తీయలేదు. యాభై దాటిన మనిషి అంత నవ్వడం నేను ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు.

రిటైరయ్యాక వాళ్లు కాకినాడ వెళ్లిపోయారు, ఆ కారులోనే. వెళ్తూ పీట నాకిచ్చారు. “మా ఊళ్లో పీటలకు కొదవ లేదండి. ఇది మీకు పనికొస్తుంది.” పోయిన ఏడాది భారతి గారు కన్నుమూశారు. నేను వెళ్లినప్పుడు కారు షెడ్డులో తుడిచి ఉంది. “వారం వారం స్టార్ట్ చేస్తున్నానయ్యా. ఆపేముందు కాసేపు ఉంచమనేది కదా. ఉంచుతున్నాను,” అన్నారు రామం గారు. హారతి మాట ఇద్దరమూ ఎత్తలేదు.

నిన్న ఆఫీసు సెల్లారులో కారు పెట్టి, వెంటనే ఆపలేదు. ఈల పూర్తిగా అణిగి, ఇంజన్ నింపాదిగా తిరిగేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత పైకి వెళ్లాను. ముందురోజు సాయంత్రం నుంచి మా సిస్టమ్ సతాయిస్తోంది. నా కింద పనిచేసే పిల్లలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఎవరికి వారు “నేనేం ముట్టుకోలే” అంటున్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“మార్చింది నేను. నిన్న పొద్దున, ఒక్క సెట్టింగు. అక్కడ చూడండి,” అన్నాను.