గురిగెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఊరి పక్కన గూడా, మీరు జర్మనీ నుంచి ఫోన్లో ఫోటో పంపిచ్చినారే పాడుబడిన ఊరు, అట్లాంటిదే ఒకటుండె. మీ దాంట్లో చర్చి గోడన్నా మిగిలుండాది. మా దాంట్లో అదీ లేదు, వట్టి మన్ను దిబ్బ. పాటిదిబ్బ అంటా ఉంటిమి. ఎండాకాలంలో ఆ మన్ను బండ్లకెత్తి చేన్లకు తోలేవోళ్ళు. అది పడితే చెనిక్కాయ బాగా కాస్తాదని.

ఏడెనిమిదేండ్లప్పుడు ఆ మన్నులో నాకొక గురిగి దొరికింది. ఆడపిల్లోళ్ళు కూడొండే ఆటకు పెట్టుకునే బుడ్డ మట్టికుండ. మూతి గూడా పగల్లేదు. ఎండలో పరిగెత్తుకుంటా వచ్చి మా అవ్వకు చూపిచ్చినాను. నాలిక పిడచగట్టి ఉండాది, నీళ్ళియ్యవ్వా అంటి.

మా అవ్వ గురిగిని చూసింది. దొడ్డికి అడ్డమేసే ముళ్ళకంపను లాక్కోనొచ్చి వాకిట్లో నాకడ్డంగా ఏసింది.

"యాడ దొరికింది?"

"పాటిదిబ్బలో."

"అయితే ఆడికే పో. ఈడ నీకు నీళ్ళు లేవు."

ఆటేమో అనుకుంటి. కంప లోపల మా చెల్లెలు మజ్జిగ తాగతా, "కాకిపిల్లా, నోరు తెరువే!" అని పకపకా నవ్వింది. మా అవ్వ దాన్ని ఒక్క మాటా అనలేదు. నా నీడ నా కాళ్ళకిందికి వచ్చేదాకా నన్నట్లే నిలబెట్టింది. ఏడ్చి ఏడ్చి కడాకు గొంతు గూడా రాలేదు.

అప్పుడు కంప తీసి, నీళ్ళు తాపి చెప్పింది. ఆ ఊర్లో వాంతిబేదులొచ్చి, బావి నీళ్ళు తాగినోళ్ళంతా పడిపోయినారంట. మిగిలినోళ్ళు నీళ్ళకని మా ఊరికొస్తే, మావోళ్ళు దోవకు కంప కొట్టినారంట. మా అవ్వది అప్పుడు నా ఈడే. కంప అవతల ఒక పిల్ల గురిగి చాపి, దీంట్లోకి పట్టేంత చాలు, పొయ్యక్కా అనిందంట.

"నీ చెల్లెలు ఇప్పుడు నవ్వింది సూడు, అట్లే నవ్వినాను" అనింది మా అవ్వ.

మూడు దినాలకు ఆ పక్క అలికిడే లేదంట. బతికినోళ్ళు యాడికి పోయినారో ఎవరూ అడగలేదు. వానలకు గోడలు కరిగినాక, మావోళ్ళు మన్ను మాత్రం తెచ్చుకున్నారు.

రెండు దినాలు నేను చెనిక్కాయ ముట్టలేదు. మూడోదినం తిన్నాను.

మీరు చూసిన ఊరు ఎందుకు పాడుబడిందో ఎవరికీ తెలీదని బోర్డులో రాసినారంటిరే. తెలీక కాదు, నాయనా. పక్కూర్లో తెలిసినోళ్ళు ఉండే ఉంటారు. చెప్పుండరు.

ఆ గురిగి ఇప్పటికీ నా కాడే ఉండాది. దాంట్లో పట్టేది రెండు గుక్కల నీళ్ళు. పోసి చూసినాను.