సారు ఓడ మీద నా రంపం

మా క్రాఫ్టు సారు పోయారన్న వార్త నాకు మా బడి గ్రూపులో వచ్చింది. దాని కింద ముప్పై నలభై దండాలు, ఆ దండాల కింద షాబాద్ దగ్గర ప్లాట్లు అమ్మబడునని ఎవరో పెట్టిన ప్రకటన. సారుకు దండం పెట్టినవాళ్ళే ఆ ప్రకటనకూ బొటనవేలు బొమ్మ పెట్టారు. నాకు రోత పుట్టింది. ఆ సమయానికి నేను మొయినాబాద్‌లో ఒకరి ఫామ్‌హౌస్‌లో మందు సీసాల అలమారకు తలుపులు బిగిస్తున్నాను. ఫోను జేబులో పెట్టుకుని మిగిలిన రెండు తలుపులూ బిగించాకే బయలుదేరాను. పక్కవాళ్ళను చూసి రోత పుట్టిందని రాసేవాడు ముందు ఇది ఒప్పుకోవాలి.

చేవెళ్ళలో మా బడిలో ఆయన వడ్రంగం నేర్పేవారు. వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గర పడితే ఆ రెండూ లెక్కల సారుకు పోయేవి. మా సారు ఉలులు మూటగట్టుకుని వెళ్ళి వరండాలో కూర్చునేవారు. ఆయన అసలు పని ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండేది. అక్కడ చెక్క ఓడలు చేసేవారు. పెట్టెలో ముక్కలు కొనుక్కొచ్చి అతికించే రకం కాదు. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక పాత పుస్తకంలోని నక్షలు చూసి, ప్రతి భాగాన్నీ అసలు ఓడలో నలభై ఎనిమిదో వంతుకు కుదించి, ఒక్కో ముక్కా సొంతంగా కోసి చేసినవి. ముందు అడుగున పొడుగాటి దూలం, దానికి అటూ ఇటూ పక్కటెముకలు, వాటి మీద సన్నటి పట్టీలు. పట్టీని వేడినీళ్ళలో నానబెట్టి, కాల్చిన ఇనుప గొట్టం మీద వంచేవారు. తాళ్ళకోసం నూలు దారానికి తేనెమైనం రుద్దేవారు. ఒక్క ఓడకు నాలుగేళ్ళు, ఐదేళ్ళు పట్టేది.

చెరువే ఎండిపోయే చోట ఓడలేమిటని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. సముద్రం చూశారా సార్ అని ఒకసారి అడిగితే, పిల్లల్ని టూరుకు తీసుకెళ్ళినప్పుడు చూశానన్నారు. ఎట్లున్నది అని మళ్ళీ అడిగాను.

"ఉప్పుగాలి బిడ్డా. చెక్కకు మంచిది గాదు."

సముద్రం గురించి ఆయన చెప్పింది అంతే.

నలభై ఎనిమిదో వంతు కొలతలో మనిషి అంగుళమున్నర ఉంటాడు. దాదాపు ఒక అగ్గిపుల్ల. సారు ఎప్పుడూ ఒక అగ్గిపుల్లను చెవి మీద పెట్టుకుని ఉండేవారు. ఓడలో ఒక గది పూర్తికాగానే ఆ పుల్లను తలుపులోంచి నడిపించి, మెట్లు దించి, వంటపొయ్యి ముందు నిలబెట్టి చూసేవారు. తల తాకితే ఆ గదిని విప్పేసేవారు. పైన చెక్క కప్పేశాక ఆ గది ఎవరికీ కనిపించదు. కనిపించనిదానికి ఇంత తిప్పలు ఎందుకని నేను విసుక్కుంటే, పుల్లను నాకు చూపించి, "ఈయన తల పలుగుతది గదరా" అన్నారు.

ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉండేది. చెక్క తప్పుగా కోసినవాడు ఆ ముక్కను దాచకూడదు, పారేయకూడదు. తీసుకెళ్ళి సారు చేతిలో పెట్టి, "తప్పు కోసిన సార్" అనాలి. ఆయన తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి ఒక రేకు డబ్బాలో వేసుకునేవారు. ఆ డబ్బా ఇంటికి పోయేది. ఓడ పట్టీలు, మెట్లు, తలుపులు అన్నీ దాంట్లోంచే వచ్చేవి. మా తప్పు కోతలే ఆయన ఓడలు. నేను ఏడో తరగతిలో పాడుచేసిన స్టూలు కాలు ఒక ఓడకు చుక్కాని అయింది. మిగతా సార్ల దగ్గర అబద్ధాలతోనే బతికిన మేము ఆ గదిలో మాత్రం తప్పును చేత్తో పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం.

ఇక నా సంగతి. మాది మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ పల్లె. సారు నేర్పిన పనితోనే మొయినాబాద్ రోడ్డు మీద చెక్కపని దుకాణం పెట్టాను. ఫామ్‌హౌస్‌ల పుణ్యమా అని బాగానే నడుస్తోంది. ఆ ఇళ్ళను చూస్తే నాకు అసహ్యం. మక్కజొన్న పండిన నేల మీద ప్లాస్టిక్ గడ్డి పరిచి, దాని మీద నాగలి నిలబెట్టి ఫోటోలు దిగుతారు. ఆ నాగలికి వార్నిష్ వేసేవాణ్ణి నేనే. ఎనిమిదేళ్ళ కింద అట్లాంటి ఒక ఇంటి పని మొత్తం నాకు దొరికేలా ఉంది. ఆ ఓనరు నా ఫోనులో సారు ఓడ ఫోటో చూసి, అది హాల్లో కావాలన్నాడు. నేను సారు దగ్గరకు పరుగెత్తాను. అప్పటిదాకా ఆయన ఏ ఓడనూ అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నన్ను ఒకటే అడిగారు, అక్కడ పిల్లలు వచ్చి చూసే వీలుంటుందా అని. బడి పిల్లల్ని రానిస్తారట అని చెప్పాను. ఓనరు ఆ మాట అననే లేదు. సారు ఐదేళ్ళు చేసిన ఓడను పాత చీరలో చుట్టి నా చేతికి ఇచ్చారు, ఒక్క రూపాయి ముట్టలేదు.

ఓడకు గాజు షోకేసు నేనే చేశాను. గోడలో బిగించి, గ్రానైటు వేయించి, సాయంత్రం దావత్ ఉందనగా ఓడను లోపల పెట్టబోతే పట్టలేదు. ఓడను కొలిచాను గాని దాని కింది పీటను కొలవలేదు. ఎత్తు నాలుగు అంగుళాలు తక్కువ. పదో తరగతి పిల్లవాడు కూడా చేయని తప్పు. బయట ఓనరు హారన్ కొట్టాడు. నేను సన్నపళ్ళ రంపం తీసి, నడిమి తెరచాప కొయ్యనూ ముందు కొయ్యనూ కోసేశాను. వెనకది పొట్టిది కాబట్టి మిగిలింది. వదులైపోయిన దారాలను గమ్ముతో అంటించి, కోసిన ముక్కలను రంపపు పొట్టుతోపాటు ఊడ్చేశాను. ఓడను కాకుండా పీటను తగ్గిస్తే సరిపోయేదని నాకు మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే తట్టింది.

నెల తర్వాత సారు బస్సెక్కి చూడ్డానికి వచ్చారు. ఓడ చుట్టూ నీలం సీరియల్ బల్బులు, కింద అరలో సీసాలు. ఆయన వాటినేమీ చూడలేదు. గాజు తలుపు తీసి, కోసిన చోట వేలు పెట్టారు.

"ఎవరు కోసిండ్రు?"

"ఓనర్ కోయించిండు సార్. అప్పుడు నేను లేను."

ఆ వేలిని కోత వాలు వెంబడి నడిపించి చూశారు. తర్వాత, "కోసినోడు పని తెల్సినోడే" అని తలుపు జాగ్రత్తగా మూశారు. బస్‌స్టాప్ దాకా ఆయనతో నడిచాను. దారిలో నా పిల్లల చదువుల గురించి అడిగారు.

దశదినకర్మ రోజు ఫంక్షన్ హాల్లో భోజనాలతోపాటు సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీలో సారు ముఖం కంటే మా ఏరియా లీడరు ముఖం రెండింతలు. పిల్లల కోసం సారు ఎన్నో ఆటబొమ్మలు చేశారని ఆ లీడరు మైకులో చెప్పాడు. ఆటబొమ్మ అన్న మాట వింటే సారు లేచి వెళ్ళిపోయేవారు. తర్వాత మైకు నాకిచ్చారు. సారు నాకు పని మాత్రమే కాదు, నిజాయితీ కూడా నేర్పారని చెప్పాను. చప్పట్లు కొట్టారు. లీడరు మీద వచ్చిన అసహ్యం అంతకు పదింతలై నా మీదకే తిరిగింది.

భోజనాలయ్యాక అమ్మను, అంటే సారు భార్యను, ఇంటి దగ్గర దించాను. ఇవాళ చెప్పేయాలని గట్టిగానే అనుకున్నాను. షెడ్డు ముందు నిలబడి, "అమ్మా, ఆ ఫామ్‌హౌస్ ఓడ..." అన్నానో లేదో, ఆమె నా మాట అందుకుంది.

"ఆయనకు ఎరుకే బిడ్డా. ఆ దినమే ఇంటికొచ్చి చెప్పిండు. నీ కోత ఎడమ దిక్కు వాల్తదంట గద. బడిల సంది అంతేనంట."

మరి నన్నెందుకు అడగలేదని అడిగాను.

"అడిగిండు గద. నువ్వు ఓనర్ అన్నవంట. ఇంకోపారి అడుగుడు ఆయనకు చాతగాలే. ఐతారం ఐతారం నువ్వొస్తుంటివి, ఇయ్యాల చెప్తడేమో అని చూసేటోడు. నువ్వు పోయినంక, ఇయ్యాల గూడ చెప్పలే అని అన్నం తినేటోడు."

ఎనిమిదేళ్ళ ఆదివారాలు. ఆ ఇంట్లో నేను తాగిన చాయ్‌లన్నీ గుర్తొచ్చాయి. ఆమె ముఖంలో కోపం లేదు, అదే భరించలేకపోయాను. అన్నీ ఆమే చెప్పేసింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

మర్నాడు ఓడ కోసం ఫామ్‌హౌస్‌కు వెళ్ళాను, కొట్లాటకు సిద్ధపడే వెళ్ళాను. ఓనరు ఫోనులో, "తీస్కపో భయ్, అక్కడ అక్వేరియం పెడ్తున్నం" అన్నాడు. ఓడ మీద సిగరెట్ బూడిద ఉంది. సారు అగ్గిపుల్లను నడిపించిన చిన్న తలుపులోంచి ఎవరో పల్లీల పొట్టు కుక్కారు. కూర్చుని పిన్నీసుతో ఒక్కొక్కటీ తీశాను. ట్రాలీ ఆటోలో వేస్తే దారాలు తెగుతాయని ఓడను ఒళ్ళో పెట్టుకుని చేవెళ్ళ షేర్ ఆటో ఎక్కాను. అమ్మకు అప్పగించాలని.

పక్కన ఒక అవ్వ జామపండ్ల గంప పట్టుకుని కూర్చుంది. కొంతదూరం ఓడనే చూసి, మొండి కొయ్యల మీద వేలు పెట్టింది.

"గిట్ల ఎవలు కోసిండ్రు బిడ్డా?"

"నేనే కోసిన అవ్వా."

డ్రైవరు అద్దంలోంచి నావైపు చూశాడు. అవ్వ ఎందుకు కోశావని అడగలేదు. మొయినాబాద్ దాటాక రోడ్డు పాడైంది. ఆటో గుంతలో పడబోయిన ప్రతిసారీ ఆమె గంప మీది చేయి తీసి, మిగిలిన ఆ ఒక్క కొయ్య ఊగకుండా పట్టుకుంది. రెండు జామపండ్లు దొర్లి రోడ్డు మీద పడిపోయినా ఆ చేయి తియ్యలేదు.