గుట్ట మీది మట్టి

ఇల్లందు బస్సులో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక డిగ్రీ అమ్మాయి, చేతిలో మట్టి పొట్లం. వెనక సీట్లో ఆమె క్లాసు అబ్బాయిలు జాగ్రఫీ సారును తిడుతున్నారు.

"సొంతూరి మట్టే తేవాలంట. రోడ్డు పక్కది తెస్తే చేతుల నలిపి చూసి పట్టేసిండు. సున్నా ఏసిండు!"

ఒకడు ముందుకు వంగి ఆమె పొట్లం చూశాడు. "నీదేందే, గని పక్క గుట్ట మట్టా? నీకూ సున్నానే."

ఆమె నవ్వి, నాతో మెల్లగా అంది. "మా ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల పోయిందక్కా. తవ్విన మట్టంత గుట్ట పోసిండ్రు. గని రాకముందు సారు మా దిక్కు ఊళ్లన్నీ తిరిగిండు. ఇందుల మా ఊరిది ఉందో లేదో ఆయనొక్కడే చెప్తడు. గట్ల పట్టేసే సారే నాకు కావాలె."

అప్పటిదాకా పాప పాదాలకు మట్టి అంటితే జబ్బు చేస్తుందన్న భయంతో వెంటనే కడిగేసేదాన్ని. ఇప్పుడు కడిగే ముందు, ఏ ఊరిదో అని ఆ మట్టి రంగు చూస్తాను.