ఊపిరి పీల్చని బొమ్మ

బస్తర్‌లోని ఒక వైద్య కళాశాలలో ఆగ్మెంటెడ్ రియాలిటీ పాఠాలు అమర్చే పని నాది. పడుకున్న మనిషి వైపు టాబ్లెట్ తిప్పితే, తెర మీద అతని అవయవాలు ఉండే చోటే బొమ్మలుగా కనిపిస్తాయి. అధ్యాపకులంతా సరేనన్నారు. కోంటా నుంచి వచ్చిన సీనియర్ మేడమ్ ఒప్పుకోలేదు. ఆమె కాదంటే మొదటి సంవత్సరం వాళ్లకు ఈ పాఠాలు లేనట్టే.

వాడకం ఎంత తేలికో వరుసగా వివరించాను. మేడమ్ అంతా విని, ఒక అబ్బాయిని బల్ల మీద పడుకోబెట్టారు. ఇంకొకడికి టాబ్లెట్ ఇచ్చి, ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం చూపించమన్నారు. వాడు చక్కగా చూపించాడు.

"ఇప్పుడు తడిమి చూపించు."

ఒక చెయ్యి రోగి వీపు వెనక ఆనించి, రెండో చేతి వేళ్లతో పక్కటెముకల కింద వెతకాలి. కుర్రాడి రెండు చేతుల్లోనూ టాబ్లెట్ ఉంది.

మేడమ్ నా వైపు తిరిగారు. "చూసినవా బాబూ? రేపు వీడు సుక్మా అవతల మలేరియా పేషెంటును చూస్తడు. ప్లీహం ఉబ్బిందా లేదా వేళ్లకే తెలవాలె. ఈ పలకను పట్టుకొని నిలబడితే తెలుస్తదా ఏంది?"

మూలనున్న సెలైన్ స్టాండు తెచ్చి, టాబ్లెట్‌ను దానికి బిగించాను. ఈసారి కుర్రాడు తెర చూస్తూ రెండు చేతులూ వాడాడు.

"ఊపిరి గట్టిగ పీల్చు" అని పడుకున్నవాడికి చెప్పి, ఆమె తెరలోకి వంగారు. "పీలిస్తే ప్లీహం కిందికి దిగాలె గద. మీ బొమ్మ కదలదేంది? సోమవారం క్లాసుకల్లా సరిచెయ్యి."

ఆ సాయంత్రమే, హుషారుగా, బొమ్మకు ఊపిరి నేర్పే పనిలో కూర్చున్నాను.